జిమ్మా, వాకింగా, ఇంట్లోనా? పిల్లలున్నవాళ్లకు ఏది మేలు?

మా ఆఫీసులో మధ్యాహ్నం డబ్బాలు విప్పే బల్ల దగ్గర ఈ ప్రశ్న నెలకొకసారైనా వస్తుంది. అడిగేవాళ్లు మారుతుంటారు, ప్రశ్న మారదు. "అక్కా, జిమ్‌లో చేరమంటావా, పొద్దున్నే వాకింగ్‌కి వెళ్లమంటావా, ఇంట్లోనే ఏదో ఒకటి చేసుకోమంటావా?" ఎక్కువగా చిన్నపిల్లల తల్లులు అడుగుతారు. ఈమధ్య ఇద్దరు ముగ్గురు తండ్రులూ మొదలుపెట్టారు. నాలుగేళ్లలో ఈ మూడూ చేసి, మూడూ మానేసి, ఒకదాన్ని మళ్లీ పట్టుకున్నదాన్ని కాబట్టి నన్ను అడుగుతారు. విడివిడిగా చెప్పి చెప్పి విసుగొచ్చి, అంతా ఒకేచోట రాస్తున్నాను.

ముందు మా ఇంటి సంగతి. హైదరాబాద్‌లో మియాపూర్ దగ్గర ఉంటాం. పెద్దవాడికి పదేళ్లు, చిన్నదానికి ఐదు. స్కూలు బస్సు 7:25కి గేటు దగ్గర ఉంటుంది. మావారికి నెలలో పదిరోజులు క్యాంపులు. అత్తయ్య ఆరు నెలలు మా దగ్గర, ఆరు నెలలు మా మరిది దగ్గర. మీ ఇల్లు ఇలా లేకపోతే నా తీర్పు మీకు సరిపడకపోవచ్చు.

ఏది చేస్తే ఎక్కువ క్యాలరీలు ఖర్చవుతాయి అనే లెక్కతో మొదలుపెడతారు చాలామంది. నేనూ అలాగే మొదలుపెట్టాను. డెబ్భై కిలోల మనిషి అరగంట చురుగ్గా నడిస్తే ఖర్చయ్యేవి 120 నుంచి 150 క్యాలరీలు. తిరిగొచ్చేటప్పుడు బండి దగ్గర ఒక మసాలా దోశె తింటే ఆ లెక్క తుడిచిపెట్టుకుపోయి, ఇంకా మిగులుతుంది కూడా. కాబట్టి ఆ పట్టికలు పక్కన పెట్టాను. ఇప్పుడు నేను చూసేది ఒక్కటే. తెగిపోయాక మళ్లీ అతుక్కోవడం ఎంత తేలిక?

తెగుతుందా లేదా అని కాదు, తెగుతుంది. పిల్లలున్న ఇంట్లో వరసగా మూడు వారాలు అనుకున్నట్టు సాగితే అదే పెద్ద విశేషం. ఒకరికి జ్వరం, అది తగ్గేలోపు రెండోవాళ్లకి. తర్వాత యూనిట్ టెస్టులు, సంక్రాంతికి ఊరు, పనమ్మాయి నాలుగు రోజులు రాకపోవడం. వీటిలో ఏది వచ్చినా ముందు పోయేది మన వ్యాయామమే. పట్టుదల లేదని మనల్ని మనం తిట్టుకుంటాం గానీ, మొదలుపెట్టేటప్పుడు అందరికీ పట్టుదల ఉంటుంది. రెండోసారి, ఐదోసారి మొదలుపెట్టేటప్పుడు ఏమవుతుందో అక్కడే తేడా వస్తుంది.

జిమ్‌లో నేను జనవరిలో చేరాను. అందరూ చేరే నెలే. ఏడాదికి 14,000 ఒకేసారి కట్టాను, డబ్బు పోతుందన్న భయంతోనైనా వెళ్తానని నా తెలివి. ఆ భయం ఫిబ్రవరి రెండో వారం దాకా పనిచేసింది. నిజం చెప్పాలంటే మూడింటిలో ఒంటికి ఎక్కువ మేలు చేసింది జిమ్మే. ఐదారు వారాలకే చిన్నదాన్ని చంకనేసుకుని మూడో అంతస్తు ఎక్కినా ఆయాసం రాలేదు. గ్యాస్ సిలిండర్ జరపడానికి ఎవరినీ పిలవలేదు. వయసు పైబడేకొద్దీ కండ తగ్గుతూ వస్తుంది, బరువులెత్తితే అది నిలబడుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా పద్దెనిమిదేళ్లు దాటినవాళ్లంతా వారానికి కనీసం రెండు రోజులు కండలకు పని చెప్పాలంటుంది. ఒట్టి నడకతో ఆ పని అవ్వదు. పైగా జిమ్‌లో గంటసేపు ఎవరూ "అమ్మా" అని పిలవరు. ఆ ఒక్క సుఖానికే డబ్బు కట్టొచ్చు అనిపించేది.

తర్వాత చిన్నదానికి జ్వరం వచ్చింది. వెనకే పెద్దవాడికి. పన్నెండు రోజులు పోయాయి.

నలభై ఐదు నిమిషాల వ్యాయామానికి గంటా నలభై నిమిషాలు కావాలి. బట్టలు మార్చుకోవాలి, బండి తీయాలి, ట్రాఫిక్ దాటాలి, వచ్చాక స్నానం చేయాలి. అంతసేపూ పిల్లల్ని ఎవరో ఒకరు చూడాలి. మొదటిసారి ఉత్సాహంలో ఇవన్నీ అమర్చుకున్నాను. పదమూడో రోజున మళ్లీ అమర్చుకోవాలంటే ప్రాణం ఉసూరుమంది. అయినా వెళ్లాను. అక్కడ ట్రైనర్ మారిపోయాడు. కొత్తబ్బాయి పాత కార్డు చూసి పాత బరువులే ఎత్తించాడు. మర్నాడు మెట్లు దిగడానికి గోడ పట్టుకోవాల్సొచ్చింది. ఆ రోజులు కలిపి గడువు పొడిగించమంటే, ముందుగా చెప్పి ఉండాల్సింది మేడమ్ అన్నారు. పిల్లకి జ్వరం వస్తుందని ముందుగా ఎలా చెబుతాం? ఏడాది మొత్తం మీద నేను వెళ్లింది 31 రోజులు. అంటే రోజుకి 450 రూపాయల పైమాటే.

వాకింగ్‌కి ఇన్ని బాధలు లేవు. ఖర్చు లేదు, నేర్చుకునేది లేదు, పది రోజులు మానేసి వెళ్లినా ఒళ్లు నొప్పులు రావు. అతుక్కోవడం తేలికే కదా, ఇదే నెగ్గాలి కదా అనుకుంటారు. నేనూ అనుకున్నాను. కానీ ఒంటికి తేలికైనంత మాత్రాన ఇంటికి తేలిక కాదు. అదంతా పొద్దున ఐదున్నరకి వేలాడుతూ ఉంటుంది, ఆ టైము నాది కాదు. ఐదున్నరకి కుక్కర్ పెట్టాలి, ఆరింటికి రెండు రకాల డబ్బాలు మొదలవ్వాలి, ఆరున్నరకి పెద్దవాణ్ణి మూడుసార్లు లేపాలి. మావారు క్యాంపులో ఉంటే పిల్లల్ని ఇంట్లో వదిలి కదలలేను. మా వీధి కుక్కల సంగతి చెప్పక్కర్లేదు. వానాకాలం రోడ్డు మీద నీళ్లు, మే నెలలో ఏడింటికే చెమటలు. పై ఫ్లాట్ పిన్నిగారు నాకు జోడీ. ఆవిడ కిందకి దిగి ఫోన్ చేస్తే సిగ్గుకైనా లేచేదాన్ని. ఆవిడ కూతురి పురిటికని మూడు నెలలు వెళ్లారు, నా వాకింగూ ఆవిడతోపాటే వెళ్లిపోయింది.

ఇక్కడ విశాఖ సంగతి చెప్పాలి. మా పుట్టిల్లు అక్కడే. కిందటేడు వేసవి సెలవుల్లో ఇరవై రోజులు ఉంటే పద్దెనిమిది రోజులు బీచ్ రోడ్డులో నడిచాను. పొద్దున్నపూట అక్కడ వాహనాలు ఆపేస్తారు. సముద్రపు గాలి, రోడ్డంతా నడిచేవాళ్లే. నాలో ఇంత పట్టుదల ఉందా అని మురిసిపోయి, హైదరాబాద్ వెళ్లాక కూడా వదలకూడదు అని ఒట్టు పెట్టుకున్నాను. వచ్చాక నాలుగు రోజులు నడిచానేమో. అప్పుడు తెలిసింది, అక్కడ నడిపించింది నా పట్టుదల కాదు, మా అమ్మ. నేను లేచేసరికి పిల్లలు అమ్మ పక్కలో, తిరిగొచ్చేసరికి కాఫీ గ్లాసు బల్ల మీద. మన మనసు గట్టిదా కాదా అని పరీక్షలు పెట్టుకునే ముందు, ఆ గంటసేపు మన పని ఎవరి మీద పడుతోందో చూసుకుంటే చాలా సందేహాలు తీరిపోతాయి.

ఇక ఇంట్లో చేసుకోవడం. నాకు ఇదంటే చులకన ఉండేది. సోఫా పక్కన నాలుగు గంతులేస్తే అదేం వ్యాయామం అని. అన్నీ పోయాక ఇదొక్కటే మిగిలింది కాబట్టి పట్టుకున్నాను. పేర్లు కొత్తగా ఉన్నాయి గానీ, స్క్వాట్లు, పుషప్‌లు అంటే మా తాతయ్య తీసిన బస్కీలు, దండీలే. కుక్కర్ మూడు విజిల్స్ వేసేలోపు రెండు విడతలుగా పదిహేనేసి బస్కీలు. పొయ్యిగట్టు పట్టుకుని ఏటవాలుగా దండీలు పది. నేలమీద తీయడం నాకు ఇప్పటికీ రాదు. రాత్రి పిల్లలు పడుకున్నాక ఓపికుంటే పావుగంట, లేకపోతే లేదు. సెలవురోజు పన్నెండు సూర్యనమస్కారాలు.

ఇలా ముక్కలు ముక్కలుగా చేస్తే లాభమేంటి అని అత్తయ్య అడిగేవారు. నాకూ ఆ అనుమానమే ఉండేది. ఒకప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఒక్కో విడత పది నిమిషాలకు తగ్గకూడదనేది. 2020లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఆ షరతు తీసేశారు. వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మాదిరి శ్రమ ఉండాలి, ఎన్ని ముక్కలుగా చేసినా లెక్కలోకి వస్తుంది. అది చదివాక కుక్కర్ ముందు బస్కీలు తీయడానికి సిగ్గుపడటం మానేశాను.

ఇంట్లో చేసేదాంట్లో లోపాలు తక్కువేం లేవు. నేలమీద పడుకుంటే చిన్నది వీపెక్కుతుంది. ఫోన్‌లో వీడియో పెట్టుకుంటే సగంలో ఎవరో ఫోన్ చేస్తారు. చూసేవాళ్లు లేరు కాబట్టి పదిహేను అనుకున్నవి పదకొండుకే ఆగుతాయి. అన్నిటికంటే పెద్ద లోపం, బరువు పెంచుకుంటూ పోవడానికి దారి లేదు. ఐదేసి కిలోల డంబెల్స్ జత కొన్నాను. అవి తేలికయ్యాక పెద్దవాడి పాత స్కూలు బ్యాగులో ఐదు కిలోల బియ్యం సంచి పెట్టి తగిలించుకుని బస్కీలు తీస్తున్నాను. దానిమీద ఇంకో ఐదు కిలోలు పెడితే బ్యాగు తెగుతుంది. ఈ విషయంలో జిమ్‌కి సాటి లేదు, ఒప్పుకోవాల్సిందే.

కానీ నా కొలతలో చూస్తే ఇదే ముందుంది. సోమవారం నుంచి గురువారం దాకా మానేశాననుకోండి, శుక్రవారం మళ్లీ మొదలుపెట్టాలంటే టీపాయ్ పక్కకు జరిపితే చాలు. ఎవరికీ ఫోన్ చేయక్కర్లేదు, ఇన్ని రోజులు ఏమైపోయారు మేడమ్ అని ఎవరూ అడగరు. పద్నాలుగు నెలల్లో కనీసం తొమ్మిదిసార్లు తెగింది. తొమ్మిదిసార్లూ అతుక్కుంది.

దానికి కొంత సాయం మా వంటింటి గోడమీద క్యాలెండర్ చేసింది. గ్యాస్ బుక్ చేసిన తేదీ, పాలు రాని రోజులు రాసుకునే గళ్లలోనే, వ్యాయామం చేసిన రోజు ఎర్ర పెన్నుతో చుక్క పెడతాను. నెలకి పన్నెండు చుక్కలుంటే పాసైనట్టే. ఇంతకుముందు వరసగా ఎన్నిరోజులు చేశామో లెక్కపెట్టే యాప్ వాడాను. పంతొమ్మిది రోజులు చేసి ఇరవయ్యో రోజు పిల్లాణ్ణి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే, మర్నాడు సున్నా చూపించింది. పంతొమ్మిది రోజులు చేసినదానికి సున్నా ఎలా అవుతుంది? ఆ రాత్రే తీసేశాను. క్యాలెండర్ మీద చుక్క ఒకసారి పెడితే అక్కడే ఉంటుంది.

బరువు చూసుకోవడం కూడా అంతే. రోజూ మిషన్ ఎక్కితే ఉత్సాహం చస్తుంది. పచ్చడి కాస్త ఎక్కువ తిన్నా, నెలసరి దగ్గరపడినా ఒక కిలో అటూ ఇటూ అవుతుంది. నేను టేపుతో నడుము కొలుచుకుంటాను, నెలకి ఒకసారి. మన దేశపు ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు, మగవాళ్లకు 90 దాటకూడదంటారు. నాది 91 నుంచి 85కి వచ్చింది. బరువు 74 నుంచి 68.5. ఇంకా ఉంది. కానీ మా టైలరమ్మ జాకెట్టు పక్కన వేసిన మూడు కుట్లలో నేను ఒకప్పుడు రెండు విప్పించాను, ఈ ఉగాదికి ఒకటి మళ్లీ వేయించాను. మిషన్ మీద అంకె కంటే అది చూసుకున్నప్పుడు ఎక్కువ సంతోషం వేసింది.

అయితే ఆ ఐదున్నర కిలోలూ బస్కీల వల్లే తగ్గాయని చెబితే అబద్ధమవుతుంది. సగంపైన పిల్లల కంచాల వల్ల తగ్గాయి. చిన్నది వదిలేసిన పప్పన్నం, పెద్దవాడు సగం కొరికిన పూరీ, పారేయలేక నా నోట్లోకే వెళ్లేవి. ఇప్పుడు వాళ్లకి కొంచెం కొంచెంగా వడ్డిస్తున్నాను, కావాలంటే మళ్లీ అడుగుతారు. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో, రోజు మొత్తం క్యాలరీల్లో అన్నం, రొట్టెలాంటి ధాన్యాల వాటా 45 శాతం దాటకూడదని ఉంది. మన కంచంలో అన్నం కుప్ప చూస్తే ఆ మాట ఎవరి గురించో అర్థమవుతుంది. ఇది వేరే పెద్ద కథ, ఇక్కడితో ఆపుతాను.

మిగతావాటి గురించి అడుగుతారు కాబట్టి రెండు ముక్కలు. జుంబా సరదాగా ఉంటుంది, మా అపార్ట్‌మెంట్‌లో నేర్పే అమ్మాయి పెళ్లయి వెళ్లిపోయేదాకా నడిచింది. బ్యాడ్మింటన్ బాగుంటుంది, రెండో మనిషి రోజూ వస్తే. ఈత పిల్లలతో కలిసి వేసవిలో. సైకిల్ మా రోడ్లమీద వద్దు. స్కిప్పింగ్ కింది ఫ్లాట్‌వాళ్లు ఒప్పుకుంటే.

అమ్మమ్మో నానమ్మో ఇంట్లో ఉండి, జిమ్ నడిచి వెళ్లేంత దగ్గరలో ఉంటే జిమ్‌కే వెళ్లండి. ఏడాదికి మాత్రం కట్టకండి, నెలనెలా కట్టండి. ఐదేళ్లలోపు పిల్లలుండి, చూసేవాళ్లు లేకపోతే ఇంట్లోనే మొదలుపెట్టండి. కిందటి నెల మా ఆఫీసులో ఒకాయన, "నేను రెండేళ్లుగా ఒక్కరోజు కూడా మానకుండా వాకింగ్ చేస్తున్నాను, మీకెందుకు కుదరదు?" అన్నారు. పొద్దున ఆరింటికి మీ ఇంట్లో డబ్బాలు ఎవరు కడతారండీ అని అడిగాను. ఆయన నవ్వేసి, మాట మార్చి, పెరుగన్నం కలుపుకున్నారు.

ఆ మాట ఇంటికొచ్చి మావారికీ చెప్పాను. ఆయన నవ్వలేదు, కాసేపు ఆలోచించారు. ఇప్పుడు ఆయన ఊళ్లో ఉంటే మంగళవారం, గురువారం డబ్బాలు ఆయనవి. ఆ రెండు రోజులు నేను పార్కు దాకా నడిచి వస్తున్నాను. పిల్లల డబ్బాల్లో ఆ రెండు రోజులూ నిమ్మకాయ పులిహోరే.