కనబడని వంతెన: క్యూటీలో జీలిబ్ ఈవెంట్ లూప్, ఆరేళ్ల వాడకం తరువాత

ప్రోగ్రామ్‌లకు కిటికీలు, బటన్లు అమర్చే లైబ్రరీలైన క్యూటీ, జీటీకేల పొత్తు గురించి మాట వచ్చినప్పుడల్లా చర్చ బటన్ల రూపం దగ్గరే ఆగిపోతుంది. నాకు ఆరేళ్లుగా నిత్యం అక్కరకు వస్తున్నది మాత్రం తెర మీద ఎక్కడా కనబడని భాగం, అంటే లినక్స్‌లో క్యూటీ తన ఈవెంట్ లూప్‌ను (క్లిక్కుల వంటి సంఘటనల కోసం కాచుకుని, వచ్చినవాటిని ఒక్కొక్కటిగా నడిపే చక్రాన్ని) జీటీకేకు అడుగున ఉండే జీలిబ్ లైబ్రరీ లూప్ మీదనే నడిపించే ఏర్పాటు. 2006లో క్యూటీ 4.2తో వచ్చిన ఈ సదుపాయం ఉన్నందువల్లనే, జీలిబ్ మీద ఆధారపడిన లైబ్రరీలను నా క్యూటీ ప్రోగ్రామ్‌లో కలిపినప్పుడు వేరే థ్రెడ్ (పక్కనే సమాంతరంగా నడిచే పని) గాని, ఊరికే తట్టిలేపుతూ ఉండే టైమర్ గాని రాయవలసిన పని పడలేదు. ఫోల్డర్‌లో ఫైలు మారితే జీఐఓ (ఫైళ్ల పనులు చూసే జీలిబ్ తోడు లైబ్రరీ) పిలిచే కాల్‌బ్యాక్, అంటే ఆ మార్పు కోసం నేను అప్పగించిన ఫంక్షన్, ప్రధాన థ్రెడ్‌లోనే నడుస్తుంది కనుక, తెర మీది విడ్జెట్‌ను అక్కడి నుంచే నేరుగా మార్చుకోవచ్చు. ఈ సుఖానికి అలవాటు పడి, ఒకసారి అమర్చాక దీని సంగతే మరచిపోవచ్చని మొదటి ఏడాది అందరికీ చెప్పాను.

ఆ మాటను ఇప్పుడు కొంత సవరించుకోవాలి. ఒక సహోద్యోగి యంత్రంలో అదే ప్రోగ్రామ్ తెరుచుకుంది, మెనూలు పలికాయి, కానీ ఫోల్డర్ జాబితాలోకి కొత్త ఫైళ్లు రాలేదు. క్రాష్ లేదు, లాగ్‌లో హెచ్చరిక లేదు. రెండు రోజుల పాటు నా కోడ్‌ను, ఆపైన ఫైల్ సిస్టమ్‌ను అనుమానించి, చివరకు కాల్‌బ్యాక్‌లో బ్రేక్‌పాయింట్ పెడితే ప్రోగ్రామ్ అక్కడ ఒక్కసారి కూడా ఆగలేదు. డీబగ్గర్‌లో ప్రధాన థ్రెడ్ స్టాక్‌ను (ఏ ఫంక్షన్ దేనిని పిలిచిందో చూపే జాబితాను) చూసినప్పుడు గాని గుట్టు తెలియలేదు: లూప్‌ను నడిపే భాగమైన డిస్పాచర్ జీలిబ్‌ది ఉండవలసిన చోట క్యూటీ సొంత యూనిక్స్ డిస్పాచర్ కూర్చుని ఉంది. మరేదో ప్రోగ్రామ్ కోసం ఆయన తన స్టార్టప్ స్క్రిప్ట్‌లో ఎప్పుడో పెట్టుకున్న, జీలిబ్ లూప్‌ను వాడవద్దని క్యూటీకి చెప్పే 'క్యూటీ నో జీలిబ్' ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ దీనికి కారణం. జీలిబ్ వరుసలో కాల్‌బ్యాక్‌లు చేరుతూనే ఉన్నాయి, వాటిని తీసి నడిపేవారే లేరు.

అప్పటి నుంచి నా ప్రోగ్రామ్ మొదలవగానే డిస్పాచర్ ఏ క్లాస్‌కు చెందినదో అడుగుతుంది. జీలిబ్‌ది కాకపోతే, అవసరమే లేదని నేను గొప్పగా చెప్పుకున్న ఆ టైమర్‌నే పెట్టి జీలిబ్ కాంటెక్స్ట్‌ను, అంటే ఆ కాల్‌బ్యాక్‌ల వరుసను, తిప్పుతుంది. క్యూటీ ప్రోగ్రామ్‌లకు జీటీకే రూపం కలిపే క్యూజీటీకే స్టైల్‌ను 2016లో క్యూటీ 5.7 నుంచి తొలగించినా నాకు పెద్దగా లోటు తెలియలేదు కాని, ఈ లూప్ పొత్తు పోతే సగం కోడ్ తిరగరాయాలి.

నేను లినక్స్ డెస్క్‌టాప్‌కే ప్రోగ్రామ్ ఇస్తాను, జీలిబ్ తోడు ఉండేలా క్యూటీని నేనే బిల్డ్ చేసుకుంటాను కాబట్టి దీనిని వదలను. విండోస్‌కు కూడా ఇవ్వవలసినవారికి ఇదే మాట చెప్పలేను, ఎందుకంటే అక్కడ క్యూటీ ఆ సిస్టమ్ సందేశాల లూప్ మీదనే నడుస్తుంది, ఆ టైమర్ మొదటి రోజు నుంచే రాసుకోవాలి.