యూకేలో మొదటి టర్మ్: హాల్సా, మనవాళ్లతో షేరింగా? ఏది మేలు?

సెప్టెంబర్ ఇన్‌టేక్‌కి ఇంగ్లండ్ వచ్చేవాళ్లు వీసా చేతికి రాగానే అడిగే ప్రశ్న ఒకటే: యూనివర్సిటీ హాల్స్ (స్టూడెంట్ హాస్టల్) బుక్ చేసుకోమంటారా, మనవాళ్లతో ఒక అద్దె ఇల్లు పంచుకుని షేరింగ్‌లో దిగమంటారా? చాలామంది సీనియర్లు ఆలోచించకుండా "హాల్స్ దండగ, షేరింగ్‌లో బోలెడు డబ్బులు మిగులుతాయి" అనేస్తారు. అద్దె వరకే చూస్తే వాళ్లన్నది నిజమే. నా లెక్క మాత్రం వేరు. ఆటమ్ టర్మ్‌లో, అంటే ఈ మొదటి టర్మ్‌లో, ముందు చూసుకోవాల్సింది, ఉండే చోటు నుంచి క్యాంపస్‌కి నడిచి వెళ్లగలమా లేదా అన్నది. అద్దె ఆ తర్వాత.

ఎందుకో చెప్తాను. ఎంఎస్సీ అంటే ఇక్కడ ఏడాదిలో 180 క్రెడిట్లు. చాలా కోర్సుల్లో అందులో 60 మొదటి టర్మ్‌లోనే పెడతారు. ఒక్కో క్రెడిట్‌కి పది గంటల పని అని లెక్క, అంటే క్లాసులు, చదువుకోవడం, అసైన్‌మెంట్లు అన్నీ కలిపి 600 గంటలు. టర్మ్ సెప్టెంబర్ చివర్లో మొదలై డిసెంబర్ మధ్యకల్లా అయిపోతుంది. క్రిస్మస్ సెలవుల్లో కొంత చదువుకుంటారనుకున్నా వారానికి నలభై గంటలకు తగ్గదు. దానికి పార్ట్‌టైమ్ 20 గంటలు కలపండి (డిగ్రీ స్థాయి స్టూడెంట్ వీసాకి టర్మ్ నడిచేటప్పుడు అంతకు మించి చేయకూడదు). అక్కడికే అరవై అయింది. ఇక రోజూ పోను గంట, రాను గంట బస్సులో కూర్చుంటే వారానికి ఇంకో పది. ఆ పది గంటలు ఎక్కడి నుంచి తెస్తారు? నిద్రలోంచి, లేదంటే పొద్దున తొమ్మిది గంటల లెక్చర్‌లోంచి. వీసా మీద ఉన్నవాళ్లకి అటెండెన్స్ లెక్కలోకి వస్తుంది కాబట్టి లెక్చర్లు ఎగ్గొట్టడం అంత తేలిక కాదు, చివరికి పోయేది నిద్రే.

దీన్నే డబ్బుల్లోకి మార్చి చూడండి. హాల్స్‌కీ దూరంగా ఉన్న షేరింగ్‌కీ వారానికి యాభై పౌండ్ల తేడా ఉందనుకుందాం. 21 దాటినవాళ్లకి కనీస వేతనం గంటకి 12 పౌండ్ల పైనే, కాబట్టి అది సుమారు నాలుగు గంటల పని. నాలుగు గంటల కూలీ మిగుల్చుకోవడానికి పది గంటలు బస్సులో పోగొట్టుకుంటున్నారు, బస్‌పాస్ డబ్బులు అదనం.

వెలుతురు సంగతి కూడా ఉంది, మన దగ్గర ఉన్నప్పుడు ఇది తట్టదు. అక్టోబర్ ఆఖరి ఆదివారం గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు. ఆ రోజు నుంచే సాయంత్రం అయిదుకల్లా చీకటి పడుతుంది, డిసెంబర్‌లో లండన్‌లో నాలుగు కాకముందే పొద్దు గూకుతుంది. అయిదింటికి ల్యాబ్ అయ్యి, చినుకుల్లో బస్టాప్‌లో నిలబడి, ఒక బస్సు క్యాన్సిలై, ఇంటికి ఏడింటికి చేరి, అప్పుడు అన్నం వండుకుని పుస్తకం తెరవడం ఎవరి వల్లా కాదు. క్యాంపస్ పక్కనే ఉంటే ఆరింటికల్లా తినేసి మళ్లీ లైబ్రరీకి వెళ్లొచ్చు. నవంబర్‌లో అసైన్‌మెంట్లన్నీ ఒకేసారి మీద పడ్డప్పుడు ఈ తేడా బాగా తెలుస్తుంది.

అలాగని హాల్స్ అన్నీ మంచివని కాదు. పెద్ద చిక్కు కాంట్రాక్టు. నలభై వారాలనో, 51 వారాలనో ఒకసారి సంతకం పెట్టాక మధ్యలో వదిలేయాలంటే మీ బదులు ఇంకో స్టూడెంట్‌ని మీరే వెతికి పెట్టాలి. "క్రిస్మస్ దాకా ఉండి జనవరిలో మారిపోదాం" అనుకుని బుక్ చేసేవాళ్లు ఈ ముక్క ముందే చదవాలి. రెండోది వంట. నలుగురైదుగురు ముక్కూమొహం తెలియనివాళ్లతో ఒకే కిచెన్, ఫ్రీజర్‌లో మనిషికి ఒక్క అర. పోపు పెడితే ఏమవుతుందో కూడా చెప్పాలి. చాలా హాల్స్‌లో కిచెన్‌లో ఉండేది వేడికి మోగే డిటెక్టర్, కారిడార్‌లో ఉండేది పొగకి మోగేది. ఎండుమిర్చి మాడుతుండగా ఎవరో తలుపు తీసిపెట్టి వెళ్లారంటే ఆ పొగ కారిడార్‌లోకి పోయి అలారం మోగుతుంది, రాత్రి పదింటికి బిల్డింగ్ మొత్తం చెప్పులేసుకుని కార్ పార్కింగ్‌లో వణుకుతూ నిలబడుతుంది. తలుపు వేసి, ఎగ్జాస్ట్ ఆన్ చేసి, మంట తగ్గించి పెట్టుకుంటే ఏ గొడవా ఉండదు, తినాలనుకున్నవన్నీ వండుకోవచ్చు.

హాల్స్‌లో మంచి ఏమిటంటే కరెంటు, హీటింగ్, వైఫై అన్నీ అద్దెలోనే. ఏదైనా పాడైతే రిసెప్షన్‌లో చెప్తే చాలు. బ్యాంకు అకౌంట్‌కీ, జీపీ (దగ్గర్లోని ఫ్యామిలీ డాక్టర్) దగ్గర పేరు రాయించుకోవడానికీ అడ్రస్ కాగితం మొదటి వారంలోనే దొరుకుతుంది. కొత్త దేశంలో మొదటి నెలలో ఇది చాలా పెద్ద సాయం, కాగితం లేక అకౌంట్ తెరవలేక, అకౌంట్ లేక జీతం పడక తిరిగేవాళ్లు ప్రతి సెప్టెంబర్‌లో కనిపిస్తారు.

ఇక షేరింగ్. దీని బలం మనుషులు. జ్వరమొస్తే చారన్నం పెట్టేవాళ్లుంటారు, వంట వంతులవారీగా అయిపోతుంది, పెద్ద బియ్యం బస్తా అందరూ కలిసి కొనుక్కోవచ్చు. బతుకమ్మ, దసరా, దీపావళి అన్నీ ఈ టర్మ్‌లోనే వస్తాయి, ఇంటి మీద బెంగ ఎక్కువయ్యే రోజులు కూడా అవే. ఆ రోజుల్లో తలుపు వేసుకుని ఒక్కరే గదిలో కూర్చోవడం కంటే నలుగురితో కలిసి పులిహోర కలుపుకోవడం ఎంతో మేలు. మొదటిసారి ఇల్లు వదిలి వచ్చినవాళ్లకి నేను దీన్ని చిన్న విషయంగా అస్సలు తీసేయను.

కానీ "షేరింగ్" అని పిలిచే ఇళ్లన్నీ ఒకటి కావు. నేను కొన్నాళ్లున్న ఇంట్లో గ్యాస్‌కీ కరెంటుకీ ప్రీపెయిడ్ మీటర్లు. వీధి చివర షాపుకెళ్లి టాప్‌అప్ చేయించాలి, ఎవరి వంతన్నది ఎప్పుడూ తేలేది కాదు. హీటింగ్ వేయడానికి వెనకాడేవాళ్లం, తడి బట్టలు గదిలోనే ఆరేసేవాళ్లం, నవంబర్ సగానికి మంచం వెనక గోడకి నల్లగా బూజు పట్టింది. ఓనర్‌కి ఫొటో పంపితే కిటికీ తెరవమన్నాడు. బయట చూస్తే మూడు డిగ్రీలు. పక్క గదిలో ఒకతను వేర్‌హౌస్‌లో నైట్ షిఫ్ట్ చేసి పగలంతా పడుకునేవాడు, అతని తప్పేం లేదు, కానీ ఇంట్లో కూర్చుని చదువుకోవడం మాత్రం కుదిరేది కాదు.

ఇంకో మెలిక కౌన్సిల్ ట్యాక్స్, అంటే ఇంటి మీద స్థానిక కౌన్సిల్ వేసే పన్ను. ఇంట్లో అందరూ ఫుల్‌టైమ్ స్టూడెంట్లయితే అసలు కట్టక్కర్లేదు. ఒక్కరు పీఎస్‌డబ్ల్యూలో (చదువయ్యాక ఇచ్చే పని వీసా) ఉద్యోగం చేస్తున్నా ఇంటికి బిల్లు వస్తుంది, 25 శాతం తగ్గించి. చట్టప్రకారం కట్టాల్సింది స్టూడెంట్ కాని ఆ ఒక్కరే. కానీ చాలా ఇళ్లలో అందరికీ సమానంగా పంచేస్తారు, కొత్తగా వచ్చినవాళ్లు తెలియక కట్టేస్తారు. దిగే ముందే ఇంట్లో ఎవరెవరు ఏ వీసా మీద ఉన్నారో మొహమాటం లేకుండా అడగండి.

చట్టం సంగతికొస్తే, ఇంగ్లండ్‌లో ఇప్పుడు అద్దెకుండేవాళ్లకి కొంత బలం వచ్చింది. 2025లో చేసిన చట్టం ప్రకారం 2026 మే 1 నుంచి ప్రైవేటు ఇళ్లకి గడువు పెట్టిన అగ్రిమెంట్లు లేవు, రెండు నెలల నోటీసిచ్చి వెళ్లిపోవచ్చు, ఒక నెల అద్దెకి మించి ముందుగా అడగకూడదు. డిపాజిట్ అయిదు వారాల అద్దె దాటకూడదు, దాన్ని 30 రోజుల్లో ప్రభుత్వం గుర్తించిన స్కీమ్‌లో వేయాలి. ఒక కుటుంబం కానివాళ్లు అయిదుగురు, అంతకంటే ఎక్కువ ఉంటే ఆ ఇంటికి లైసెన్స్ ఉండాలి. ఇందులో చాలావరకు మీ పేరు మీద అగ్రిమెంట్ ఉంటేనే తేలిగ్గా పనికొస్తాయి. "అన్న పేరు మీద ఉంది, నువ్వు నెలనెలా అన్నకి పంపేయ్" అనే ఇళ్లలో గొడవొస్తే చూపించడానికి చేతిలో కాగితం ఉండదు, డిపాజిట్ తిరిగిరావడం అన్న మంచితనం మీదే ఆధారపడుతుంది.

లండన్‌లో బంధువులింట్లో ఉండి వేరే ఊరి క్యాంపస్‌కి రైల్లో వెళ్లిరావడం మూడో దారి. ఎవరైనా చెప్తే మొదటి రెండు వారాలకి సరే అనండి. టర్మ్ మొత్తానికి వద్దు. రైల్‌కార్డుతో మూడో వంతు తగ్గినా టికెట్లకి అయ్యేది తక్కువేం కాదు, ఒక్క రోజు రైళ్లు ఆగితే క్లాసు పోయినట్లే.

నన్నడిగితే మొదటి మాట ఇది: క్యాంపస్‌కి ఇరవై పాతిక నిమిషాల నడకలో, అందరూ స్టూడెంట్లే ఉండే ముగ్గురు నలుగురి ఇల్లు, మీ పేరు కూడా అగ్రిమెంట్‌లో ఉండేలా దొరికితే హాల్స్ కంటే అదే మేలు. చౌక, మనుషుల తోడు, దగ్గర, మూడూ కుదురుతాయి. కానీ హైదరాబాద్‌లోనో విజయవాడలోనో కూర్చుని అలాంటి ఇల్లు ఖాయం చేసుకోవడం చాలా కష్టం. అది కుదరకపోతే హాల్స్ తీసుకోండి, ఎన్‌సూట్ కాకుండా బాత్రూమ్ పంచుకునే చౌక గదైనా సరే, వారాలు తక్కువ ఉన్న కాంట్రాక్టు చూసుకుని. బస్సులో గంట దూరంలో ఆరుగురు కిక్కిరిసిన ఇల్లు మాత్రం ఎంత చౌకగా వచ్చినా ఆటమ్ టర్మ్‌కి వద్దు. ల్యాబ్‌లు, గ్రూప్ ప్రాజెక్టులు ఎక్కువుండే కోర్సయితే అసలే వద్దు.

ఇల్లు చూడకుండా వాట్సాప్ ఫొటోలు నమ్మి ఇండియా నుంచే డబ్బు పంపకండి. ముందు వారం పది రోజులకి ఏదైనా తాత్కాలిక గది తీసుకుని, దిగాక స్వయంగా వెళ్లి చూడండి. సాయంత్రం చీకటి పడ్డాక క్యాంపస్ నుంచి ఆ ఇంటికి ఒకసారి నడిచి, మంచాల వెనక గోడలు, మీటర్ ఏ రకమో చూసి, అప్పుడే హోల్డింగ్ డిపాజిట్ (ఇల్లు మీకోసం ఆపి ఉంచడానికి ఇచ్చే అడ్వాన్స్) ఇవ్వండి. అది కూడా వారం అద్దెకి మించకుండా, రసీదు తీసుకుని.