జైసల్మేర్ ఇసుకకి విజయనగరం లెన్సు

విజయనగరం మూడు లాంతర్ల దగ్గర ఒక సందులో, మేడ మీద, పెళ్లి ఫొటోగ్రాఫర్లకి లెన్సులు అద్దెకిచ్చే చిన్న షాపు ఉంది. సంక్రాంతికి ముందు రాజస్థాన్ ఎడారిలోని జైసల్మేర్ వెళ్తూ అక్కడ దూరంగా ఉన్నవాటిని దగ్గరగా చూపించే 70-200 జూమ్ లెన్సు వారానికి తీసుకున్నాను. అద్దె 4,500, అడ్వాన్సు 10,000, ఆధార్ జిరాక్స్. రైల్లో గడిచిన రోజులకీ అద్దె పడింది, అది నాకు నచ్చలేదు. ధనుర్మాసంలో ముహూర్తాలు ఉండవు కాబట్టి వెంటనే దొరికింది. మాఘమాసంలో కావాలంటే నెల ముందే చెప్పుకోవాలి.

లెన్సు ఇచ్చేముందు ఓనరు గారు అరగంట కూర్చోబెట్టి మాట్లాడారు. ఎడారికి ఆయనెప్పుడూ వెళ్లలేదట. "మధుపర్కాలు ఎలా తీస్తాం మేడమ్? కెమెరాలో వెలుగు కొలిచే మీటరు చెప్పినట్టు తీస్తే తెల్లబట్ట మాసినట్టు పడుతుంది. ఇసకా అంతే, ఒక స్టాప్ పెంచండి, అంటే వెలుగు రెట్టింపు చేయండి" అన్నారు. చింతపల్లి బీచ్‌లో ఒక పొద్దున తీసి చూసుకోమన్నారు. వెళ్లాను. అలలు తడిపిన ఇసుక ముదురు రంగు కదా, దాని మీద ఆ స్టాప్ ఎక్కువైపోయింది. పైనున్న పొడి ఇసుక మీద సరిగ్గా కుదిరింది. లెన్సు రూములోనే బిగించుకోవాలి, దిబ్బల మీద విప్పకూడదు, ఇసుక పడితే గుడ్డతో తుడవకుండా ముందు బ్లోయరుతో గాలి కొట్టాలి అన్నారు. బ్లోయరు కూడా ఊరికే ఇచ్చారు.

సామ్ దిబ్బలు జైసల్మేర్‌కి సుమారు 40 కిలోమీటర్లు. మనకి ఆరున్నరకి సూర్యుడు కనిపిస్తే అక్కడ ఏడున్నర అవుతుంది. నేను మన లెక్కన చీకట్లోనే దిబ్బ ఎక్కేశాను. చలికి వేళ్లు కొంకర్లు పోయాయి కానీ, ముందు రోజు ఒంటెలూ జీపులూ తొక్కిన ఇసుకని రాత్రి గాలి మళ్లీ సాపు చేసింది. ఒక్క అడుగు ముద్ర లేదు. ఎండ ఏటవాలుగా పడగానే, గాలి వేసిన సన్నని మడతలన్నిటికీ నీడలొచ్చాయి. జూమ్ 200 దగ్గర పెట్టి చూస్తే దూరంగా ఉన్న దిబ్బలు ఒకదాని వెనక ఒకటి దగ్గరికి జరిగి నిలబడ్డాయి. నా మామూలు లెన్సుతో అది వచ్చేదే కాదు. ఎండ పైకెక్కాక మడతలన్నీ చదునైపోయాయి.

తిరిగొచ్చేసరికి జూమ్ రింగు గరగరమంటోంది. అడ్వాన్సు పోయినట్టే అని టెన్షన్ పడ్డాను. ఆయన లెన్సుని చెవి దగ్గర పెట్టుకుని తిప్పి విన్నారు. రింగు మీద రబ్బరు జరిపి గాలి కొడితే నాలుగైదు ఇసుక రేణువులు రాలాయి. పదివేలూ లెక్కపెట్టి చేతిలో పెట్టి, "ఫొటోలు చూపించండి మేడమ్" అంటూ కుర్చీ దగ్గరికి లాక్కున్నారు.