ఇన్సులిన్ రిసెప్టర్లను లెక్కించడానికి: తాజా కాలేయ కణాలా, హెప్‌జీ2నా?

ఇన్సులిన్ ఎక్కువసేపు తగిలితే కాలేయ కణం తన పైపొర మీది రిసెప్టర్లను (హార్మోన్‌ను పట్టుకునే ప్రోటీన్లను) లోపలికి లాక్కుంటుంది. కొన్ని తిరిగి పైకొస్తాయి, కొన్ని లైసోజోముల్లో (కణం లోపలి జీర్ణ సంచుల్లో) నాశనమవుతాయి. దీన్ని డిష్‌లో చూడాలంటే ముందు కణాలను ఎంచుకోవాలి.

హెప్‌జీ2 అనేది మనిషి కాలేయ కణితి నుంచి వచ్చిన, ల్యాబ్‌లో పెంచే కణాల రకం. ఎన్నాళ్లయినా పెరుగుతుంది, ప్రయోగాన్ని మళ్లీ మళ్లీ చేయొచ్చు. కానీ ఇన్సులిన్‌తో పాటు గ్రోత్ హార్మోన్‌నూ చూడాలనుకుంటే, దాని రిసెప్టర్లు ఇందులో చాలా తక్కువ, కాబట్టి ఆ పనికి సరిపోదు.

ఎలుక కాలేయం నుంచి కొలాజినేజ్ అనే ఎంజైమ్‌తో విడదీసిన తాజా కణాలు అసలు అవయవానికి చాలా దగ్గర. చిక్కేమిటంటే, రోజులు గడిచేకొద్దీ కాలేయ గుణాలు కోల్పోతాయి. మూడో రోజు రిసెప్టర్లు తగ్గితే అది హార్మోన్ పనా, కణమే మారిపోతోందా? హార్మోన్ కలపని డిష్ పక్కనుంటేనే తెలుస్తుంది.

మీడియం (కణాలను పెంచే పోషక ద్రవం) విషయంలో చాలా జాగ్రత్త! కణాలు బతకడానికని మిల్లీలీటరుకు 10 మైక్రోగ్రాముల ఇన్సులిన్ కలపడం మామూలే. ఇది శరీరంలో ఉండేదానికి వెయ్యి రెట్లకు పైనే. ప్రయోగం మొదలవకముందే రిసెప్టర్లు తగ్గిపోయి ఉంటాయి.

నేనైతే తాజా కణాలే తీసుకుంటాను, ఇన్సులిన్ లేని మీడియంలో, మొదటి 24 గంటల్లోనే.