తేలికపాటి అల్యూమినియం ఫ్లోర్ జాక్: కొన్నేళ్లు వాడాక

అపార్ట్‌మెంట్‌లో ఉంటూ సొంతంగా కారు పని చేసుకునేవాళ్లు జాక్ కొనేముందు, అది ఎన్ని టన్నులు లేపుతుందో చూసేకంటే దాన్ని మనం లేపగలమో లేదో చూసుకోవడం మంచిది. మాది టెక్సాస్‌లో రెండో అంతస్తు, లిఫ్టు లేదు. నా దగ్గరున్నది 1.5 టన్నుల అల్యూమినియం ఫ్లోర్ జాక్. మన ఊళ్లో ట్రాలీ జాక్ అంటారే, అదే. మా పాత టొయోటా క్యామ్రీ కారుకి టైర్ల రొటేషన్ (ముందువి వెనక్కి, వెనకవి ముందుకు మార్చడం), ఆయిల్ మార్పు, బ్రేక్ ప్యాడ్లు అన్నీ దీనితోనే నడుస్తున్నాయి. బ్రాండ్ పేరు రాయడం లేదు, ఎందుకంటే ఇలాంటి జాకే రంగు మారి, స్టిక్కరు మారి నాలుగైదు పేర్లతో దొరుకుతోంది. చూడాల్సినవి కొలతలే.

మామూలు 3 టన్నుల ఉక్కు జాక్ 75, 80 పౌండ్లుంటుంది, అంటే 35 కిలోల దాకా. అదే 3 టన్నుల అల్యూమినియంది 55 పైచిలుకు. నాది 30 పౌండ్లకు కాస్త అటూ ఇటూ. ఇండియన్ స్టోర్ నుంచి ఇరవై పౌండ్ల సోనామసూరి బస్తా మెట్లెక్కించే అలవాటున్నవాళ్లకు ఇది పెద్ద బరువేం కాదు. పక్క పలకలు అల్యూమినియమే గానీ పంపు, ఇరుసులు, చక్రాలు ఉక్కువే. అందుకే అల్యూమినియం ఉక్కులో మూడో వంతే తూగినా, జాక్ మాత్రం మూడో వంతుకు దిగదు.

1.5 టన్నులు చాలుతుందా అని చాలామంది అడుగుతారు. అమెరికా టన్ను 2,000 పౌండ్లు, కాబట్టి ఇది 3,000 పౌండ్ల జాక్. క్యామ్రీ బరువు అంతకంటే ఎక్కువే. కానీ కారంతా ఒకేసారి గాల్లోకి లేపం కదా. ఇంజను ముందుండే కార్లలో ముందు భాగం మీద పడేది సుమారు 60 శాతం, అంటే రెండు వేల పౌండ్లు. ఒక్క మూల లేపితే ఇంకా తక్కువ. బరువు విషయంలో నాకెప్పుడూ అనుమానం రాలేదు.

అసలు తేడా ఎత్తులో ఉంది. నా జాక్ నేల నుంచి మూడున్నర అంగుళాల దగ్గర మొదలై 14 అంగుళాల దగ్గర ఆగిపోతుంది. కిందకు ఆనుకుని ఉండే సెడాన్లకు ఆ మూడున్నర వరం. కానీ కారు బాడీ లేచిన వెంటనే చక్రం లేవదు, స్ప్రింగు సాగినంతసేపూ టైరు నేలనే అంటుకుని ఉంటుంది. సెడాన్‌కి 14 అంగుళాలు సరిపోతాయి. తెలిసినాయన ఎస్‌యూవీకి పెట్టి చూస్తే, హ్యాండిల్ ఇక కదలని స్థితికి వచ్చినా టైరు ఇంకా నేల మీదే ఉంది. జాక్ తల మీద చెక్క ముక్క పెట్టి ఎత్తు పెంచుదామన్నాడు, నేను ఒప్పుకోలేదు. చెక్క జారినా చీలినా బండి మన మీద పడుతుంది. ఎస్‌యూవీ ఉన్నవాళ్లు బరువు ఎక్కువైనా సరే, 18 అంగుళాల దాకా లేచే 3 టన్నులదే తీసుకోవాలి.

జాక్ తల నిటారుగా పైకి లేవదు, వంపు తిరుగుతూ లేస్తుంది. అందుకే లేపుతున్నంతసేపూ జాక్ కొద్దికొద్దిగా కారు కిందకు దొర్లుతూ ఉండాలి. ఇక్కడి ఎండల్లో తారు మెత్తబడి, చిన్న ఉక్కు చక్రాలు దిగబడిపోతాయి. అప్పుడు జాక్ దొర్లలేక తల పక్కకు లాగుతుంది. ప్లైవుడ్ పలక పరిస్తే సరిపోతుంది, అయితే జాక్ దాని మీద దొర్లేంత పొడవుండాలి. కాంక్రీటు నేల దొరికితే ఆ బాధే లేదు.

ఇంకొకటి, ఆటోమేటిక్ కారు గేరు పీలో (పార్క్) పెట్టాం కదా, కదలదులే అనుకునేవాళ్లే ఎక్కువ. ముందు చక్రాలతో నడిచే కారులో పీ లాక్ పట్టుకునేది ముందు చక్రాలనే. వాటిలో ఒక్కటి గాల్లోకి లేచినా రెండు చక్రాలూ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే డిఫరెన్షియల్ పుణ్యమా అని అది స్వేచ్ఛగా తిరుగుతుంది, నేల మీదున్న రెండోదానికీ పట్టు పోతుంది. అప్పుడు కారును ఆపేది వెనక చక్రాల పార్కింగ్ బ్రేకు, వాటికి పెట్టిన అడ్డు దిమ్మలు. వెనక భాగం లేపితే వ్యవహారం తిరగబడుతుంది, దిమ్మలు ముందు చక్రాలకు పెట్టాలి. చక్రం నట్లు మాత్రం టైరు నేల మీద ఉండగానే వదులు చేసుకోవాలి, దించాక మళ్లీ బిగించాలి. క్యామ్రీకైతే బిగించాల్సిన బలం (టార్క్) 76 పౌండ్-ఫీట్.

కారు కిందకు దూరాలంటే జాక్ స్టాండ్లు, అంటే లేపిన కారును మోసే ఉక్కు స్టాండ్లు, తప్పనిసరి. జాక్‌లో బరువు ఆనేది నూనె మీద, ఆ నూనె కారకుండా ఆపే సీలు పోతే జాక్ కిందకు దిగిపోతుంది. స్టాండ్లనూ గుడ్డిగా నమ్మలేం. 2020లో అమెరికాలో ఒక కంపెనీ లక్షల సంఖ్యలో స్టాండ్లను వెనక్కి రప్పించింది. పళ్లలో కొక్కెం సరిగా కూర్చోక దిగిపోయే ప్రమాదం ఉందని తేలింది. అందుకే బరువు స్టాండు మీదకు దించాక ఒకసారి కారును గట్టిగా తోసి చూస్తాను, జాక్‌ను కూడా తీసేయకుండా పక్కనే ఆనించి ఉంచుతాను. విప్పిన టైరు కారు కిందే పడేస్తా, ఒకవేళ కారు పడినా దాని మీద ఆగుతుందని.

నచ్చనివీ ఉన్నాయి. హ్యాండిల్ పొట్టిది, కారు ముందు నుంచి మధ్యలోని సబ్‌ఫ్రేమ్‌కి (ఇంజను కిందుండే ఉక్కు చట్రం) పెట్టాలంటే బంపరుకు తగులుతుంది. తల మీది రబ్బరు పెచ్చులూడింది. గాడి ఉన్న కొత్త రబ్బరు కొని వేశాను, కారు తలుపుల కిందుండే అంచు రేకు వంగకుండా అందులో చక్కగా కూర్చుంటుంది. దించేటప్పుడు హ్యాండిల్ వెంట్రుకవాసి తిప్పాలి, కాస్త ఎక్కువైతే కారు దభీమని దిగుతుంది. టెస్లా కార్లకైతే ఆ గాడి రబ్బరు పనికిరాదు, బ్యాటరీకి తగలకుండా జాకింగ్ రంధ్రంలో కూర్చునే ప్యాడ్ విడిగా కొనుక్కోవాలి.

డిక్కీలో పక్కకు పడేసి తీసుకెళ్తే పంపులోకి గాలి చేరి, ఎంత కొట్టినా లేవనట్టు అనిపిస్తుంది. రిలీజ్ వాల్వు (జాక్‌ను దించేందుకు తెరిచేది) తెరిచి పది పదిహేనుసార్లు పూర్తిగా పంపు కొట్టి, మూసేస్తే మళ్లీ మామూలే. నూనె తగ్గితే జాక్ పూర్తిగా దించి ఉండగా హైడ్రాలిక్ జాక్ నూనే పోయాలి. ఇంట్లో ఉంది కదాని బ్రేక్ ఫ్లూయిడ్ పోస్తే సీళ్లు ఉబ్బి పాడైపోతాయి.