ఆట మాటలు తెలుగు చేయడానికి నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్ సరిపోతుందా?

నెల్లూరులోనో కావలిలోనో నలుగురు కలిసి నడుపుకునే మైన్‌క్రాఫ్ట్ ఆట (కంప్యూటర్‌లో ఆడే జావా రకం) సర్వర్‌ను తెలుగు చేయాలంటే డబ్బు పెట్టి ఏదీ కొనక్కర్లేదు. 2003 నుంచి ఉచితంగా దొరికే నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్ అనే టెక్స్ట్ ఎడిటర్ చాలు, కంప్యూటర్‌లో విండోస్ ఉంటే. ఆటలోని మాటలను, బొమ్మలను మార్చే రిసోర్స్ ప్యాక్‌లను మైన్‌క్రాఫ్టే అనుమతిస్తుంది కాబట్టి ఇక్కడ ఇబ్బంది లేదు. పోటీ ఆటల ఫైళ్ల జోలికి మాత్రం పోవద్దు, ఫైలు మారిందని పసిగడితే ఖాతాకే ఎసరు రావచ్చు.

భాషల జాబితాలో తెలుగు కనబడాలంటే ప్యాక్ మెటా ఫైలులో (pack.mcmeta) భాష కోడు, పేరు, ప్రాంతం చేర్చాలి. అదే కోడు పేరుతో లాంగ్ ఫోల్డర్‌లో ఒక జేసన్ ఫైలు (ఆట మాటలను వరుసలుగా రాసుకునే టెక్స్ట్ ఫైలు) పెట్టాలి. ఫైళ్ల, ఫోల్డర్ల పేర్లన్నీ ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లోనే ఉండాలి. ఈ పద్ధతి 1.13 నుంచి వచ్చిన వెర్షన్లకే. అన్ని వరుసలూ ఒకేసారి తెలుగు చేయక్కర్లేదు, వదిలేసినవి ఇంగ్లిష్‌లో కనబడతాయి.

ఈ ఎడిటర్‌లో ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఎన్‌కోడింగ్ మెనూలో, అంటే అక్షరాలను ఫైలులో ఏ పద్ధతిలో దాచాలో ఎంచుకునే చోట. అక్కడ 'యూటీఎఫ్-8' వేరు, 'కన్వర్ట్ టు యూటీఎఫ్-8' వేరు. మొదటిది ఫైలును ఆ పద్ధతిలో చదివి చూపిస్తుందంతే, రెండోది అక్షరాలను నిజంగా మారుస్తుంది. తెలుగు బదులు పైన గీత ఉన్న ఇంగ్లిష్ ఎ, పక్కన డిగ్రీ గుర్తు వరసగా కనబడుతుంటే ఫైలు చెడిపోలేదు, తప్పుగా చదువుతోంది. అప్పుడు మొదటిదే నొక్కాలి. కంగారుపడి రెండోది నొక్కి సేవ్ చేస్తే ఆ చెత్తే ఖాయమైపోతుంది. బీఓఎం (ఫైలు మొదట్లో చేరే కనబడని గుర్తు) ఉన్న రకం జేసన్‌కు పనికిరాదు. కొన్ని ఆటలు చూసీచూడనట్టు పోతాయి, కొన్ని ఫైలునే చదవవు.

కింది పట్టీలో చూపే 'లెంగ్త్' అక్షరాల లెక్క కాదు, బైట్ల లెక్క. యూటీఎఫ్-8లో తెలుగు గుర్తు ఒక్కోటి 3 బైట్లు. ఇంగ్లిష్‌లో 7 బైట్లు పట్టే నెల్లూరు తెలుగులో 24 అవుతుంది, ఒంగోలు 18. బైట్లలో హద్దు పెట్టిన ఆటల్లో పేర్లు సగంలో తెగేది ఇందుకే.

'సర్వర్‌లో' అన్నప్పుడు మధ్యలో ఉండే కనబడని గుర్తు పోతే 'సర్వర్లో' అయి కూర్చుంటుంది. వ్యూ మెనూలో కనబడని గుర్తులను చూపే ఆప్షన్ ఉంది, దాన్ని ఆన్ చేసుకుని పనిచేయాలి. లేదంటే వెతుకులాటలో ఒకటి దొరికి ఇంకోటి దొరకదు. చాలా ఫైళ్లలో ఒకే మాటను వెతికే సౌకర్యం (కంట్రోల్, షిఫ్ట్, ఎఫ్) మాత్రం బంగారం. మామూలు నోట్‌ప్యాడ్‌లో అది లేదు.

జేసన్ తప్పులను ఇది తనంతట తాను పట్టుకోదు. చివరి వరుస తర్వాత కామా మిగిలినా, వాట్సాప్ నుంచి అతికించినప్పుడు వంకర కొటేషన్లు వచ్చినా ఫైలు మొత్తానికే దెబ్బ. ప్లగిన్స్ అడ్మిన్‌లో జేసన్ టూల్స్ వేసుకుంటే ఏ వరుసో చెబుతుంది. ఆల్ట్ పట్టుకుని నిలువుగా ఎంచుకోవడం తెలుగు భాగం మీద దండగ, అక్షరాల వెడల్పు ఒకటి కాదు కదా. ఎడిటర్‌లో తెలుగు సరిగా కనబడాలంటే ఫాంట్‌ను నిర్మలా యూఐకి మార్చి, సెట్టింగ్స్‌లో డైరెక్ట్‌రైట్ (అక్షరాలను తెరపై గీసే విండోస్ పద్ధతి) ఆన్‌లో ఉందో లేదో చూసుకోవాలి.

అనువాదం తెలియని పనిముట్టు ఇది. ఆటలో ఎవరైనా చచ్చినప్పుడు వచ్చే సందేశంలో చంపినవాడు, చచ్చినవాడు అనే రెండు స్థానగుర్తులు (పేర్లు వచ్చి కూర్చునే చోట్లు) తెలుగులో తారుమారవుతాయని హెచ్చరించదు. ఇంగ్లిష్‌లో చచ్చినవాడి పేరు ముందొస్తుంది, మనకు 'ఫలానా చేతిలో ఫలానా' అని రావాలి. శాతం, అంకె, డాలరు, ఎస్ కలిసిన ఆ గుర్తుల్లో (%1$s లాంటివి) అంకెను చెరపకుండా చోటు మార్చాలి. ఆడో మగో ఆటకు తెలియదు కాబట్టి 'చనిపోయారు' అనడమే క్షేమం. పాలిష్ చేసిన గ్రానైట్‌ను 'నునుపు శిల' అంటే గ్రానైట్ క్వారీల ఊరు చీమకుర్తిలో నవ్వుతారు, 'పాలిష్ గ్రానైట్' చాలు. (ఆటలోది గులాబి ఛాయ రాయి, మన చీమకుర్తి నల్ల గెలాక్సీ గ్రానైట్ కాదు.) ఆటలో రాళ్లు తవ్వే పికాక్స్‌ను గునపం అనడం తప్పు. గునపం నిటారు కడ్డీ, దానికి అడ్డతల ఉండదు.

వందల వరుసల వరకు దీనికి ఐదుకు నాలుగు ఇవ్వచ్చు. వేలల్లోకి పోతే పాత అనువాదాన్ని గుర్తుంచుకునే పనిముట్టు కావాలి. పీఓ ఫైళ్లయితే (కొన్ని ప్రోగ్రాములు అనువాదాలకు వాడే రకం) పోఎడిట్ అనే పనిముట్టు మేలు.

ఏది వాడినా ముందు ఐదు మాటలే పెట్టి ఆటలో చూడండి: స్త్రీ, క్షేత్రం, జ్ఞానం, కర్ర, ట్రాక్టర్. ఫైలు మార్చాక ఎఫ్3, టీ కలిపి నొక్కితే ప్యాక్ మళ్లీ లోడవుతుంది. వత్తులు విడిపోయి కనబడితే తప్పు ఎడిటర్‌ది కాదు, అక్షరాలను కలిపి గీసే పని ఆట చేయడం లేదు. ఫైలులో ఎన్ని దిద్దినా అది మారదు. ప్యాక్ అసలు జాబితాలోనే కనబడకపోతే జిప్ విప్పి చూడండి, మెటా ఫైలు పైనే ఉండాలి, ఇంకో ఫోల్డర్ లోపల కాదు.