కడప నర్సరీల నూరువరహాలు: కుండీకైతే కొనండి, నేలకైతే ఆగండి

కడప రోడ్ల పక్కన నర్సరీల్లో ఏ నెలలో చూసినా పూలతో కనిపించే మొక్క నూరువరహాలు. చిన్న కవరులోది వంద లోపే వస్తుంది. ఆ ధరకు మొక్కకు వంక పెట్టడానికి లేదు: ఆకు నిగనిగలాడుతుంది, కొమ్మ చివరల్లో గుత్తులుంటాయి. అయితే ఎక్కువ భాగం కడియం నుంచి లారీల్లో దిగినవే. గోదావరి నీళ్లు తాగి పెరిగిన మొక్క మన బోరు నీళ్లకు మూడు నెలలు నిలబడుతుందా అన్నది చూసి మార్కులు వేయాలి.

కొనేటప్పుడు పూలకంటే చిగుళ్లు చూడండి. లేత ఆకులో ఈనెలు మాత్రం పచ్చగా ఉండి మధ్యభాగం పాలిపోతే ఆ మొక్కకు నర్సరీలోనే ఇనుము లోపం మొదలైంది. ఆకు తిరగేసి, కొమ్మ చీలే చోట తెల్లటి పిండి ఉందేమో చూడండి. చీమలు ఎక్కి దిగుతుంటే పిండినల్లో, పొలుసు పురుగో ఉన్నట్టే. అలాంటిది ఊరికే ఇచ్చినా తేవద్దు.

కవరు కోస్తే లోపల బంకమట్టి ముద్ద ఉంటుంది. దాన్ని అలాగే పాతితే మన ఎండకు ఇటుకలా బిగుసుకుపోతుంది, పోసిన నీళ్లు పక్కనుంచి జారిపోతాయి. చుట్టూ తడిగా ఉన్నా మొక్క వాడిపోయేది అందుకే. ముద్దను బకెట్ నీళ్లలో అరగంట నానబెట్టి, పైపై అంగుళం మట్టిని వేళ్లతో రాల్చి నాటాలి. ముద్ద మొత్తం పగలగొడితే వేర్లు తెగుతాయి. వానలు పడ్డాక జులై నుంచి అక్టోబరు దాకా నాటొచ్చు; మార్చి తర్వాత వద్దు.

అసలు చిక్కు సున్నం. ఈ మొక్కకు కాస్త పులుపు నేల కావాలి, పీహెచ్ 5 నుంచి 6.5 లోపు. ఎర్రగుంట్ల, జమ్మలమడుగు వైపంతా సున్నపురాయి. టౌన్లో కొత్త ఇళ్ల పెరళ్లలో సిమెంటు రద్దు, నాపరాయి ముక్కలు. పిడికెడు ఎండు మట్టి మీద వెనిగర్ పోయండి. బుస్సుమని నురగొస్తే అక్కడ నూరువరహాలు నేలలో పెట్టకండి. గుంత తీసి మంచి మట్టి నింపినా రెండేళ్లకు చుట్టుపక్కల సున్నం, బోరు నీళ్ల ఉప్పు అందులోకి చేరతాయి. గంధకం వేయమంటారు గానీ, నురగొచ్చే నేలలో అది చాలదు.

కాబట్టి 12 అంగుళాల కుండీ. ఎర్రమట్టి రెండు పాళ్లు, బాగా మాగిన పశువుల ఎరువు ఒకటి, కొబ్బరిపొట్టు ఒకటి, గుప్పెడు వేపపిండి. పొద్దున ఎండ తగిలి మధ్యాహ్నం నీడపడే చోటు పెట్టండి. వాన నీళ్లు, ఏసీ నుంచి కారే నీళ్లు దీనికి శ్రేష్ఠం. ఆర్వో మెషిన్ వదిలే నీళ్లు మాత్రం వద్దు, బోరులోని ఉప్పంతా అందులో ఇంకా చిక్కగా ఉంటుంది.

చిగురు పసుపైతే చీనీ (బత్తాయి) తోటలకు కొట్టే మందే దీనికీ: లీటరు నీళ్లకు 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్), సాయంత్రం పూట, వారానికోసారి, రెండు మూడు సార్లు. అన్నభేది లేత ఆకుపచ్చ పలుకులుగా ఉండాలి. గోధుమరంగు తిరిగిందంటే పాడైనట్టే, షాపువాడికే ఇచ్చేయండి. బండల మీద పడితే తుప్పు మరక పోదు, కుండీ పక్కకు జరిపి కొట్టండి. కుండీలో పోయడానికైతే ప్యాకెట్ మీద ఈడీడీహెచ్ఏ అని ఉండే చీలేట్ రకం ఇనుము కొనాలి. చవగ్గా దొరికే ఈడీటీఏ రకం సున్నపు మట్టిలో నిలవదు, పిచికారీకి సరే.

నర్సరీల మీద నా ఫిర్యాదు ఇక్కడే. ఆకు పసుపైందంటే చాలామంది చేతిలో భాస్వరం ఎక్కువుండే డీఏపీ ఎరువు పొట్లం పెడతారు. భాస్వరం ఎక్కువైతే ఇనుము ఇంకా అందకుండా పోతుంది, పసుపు పెరుగుతుంది. మొక్కతో పాటు అంటగట్టే 'రెడీ మిక్స్' బస్తా కూడా చాలాచోట్ల కాలువ మట్టీ ఇసుకే. వెనిగర్ పరీక్ష దానికీ చేసి కొనండి.

పూత కొత్త చిగురు చివరే వస్తుంది, అందుకని గుత్తి వాడగానే కింద రెండు జతల ఆకులతో కలిపి కత్తిరించాలి. ముదురు ఆకులు ఒకటీ అరా రాలితే కంగారొద్దు.

రకాల్లో చిన్నాకు పొట్టి రకం కుండీలో ముచ్చటగా ఉంటుంది గానీ సున్నానికి ముందు లొంగేది అదే. పెద్దాకు ఎర్రపూల నాటు రకం మొండిది. రాయచోటి వైపు ఎర్రనేలల్లో, వెనిగర్‌కు నురగ రాని చోట, దాన్ని నేలలోనే పెట్టుకోవచ్చు. ఇక మార్కులు: మొక్కకు 5కి 4. బస్తా మిక్స్‌కు 1, అదీ సంచి పనికొస్తుందని.